అట్ట లెక్క, గుడ్డ లెక్క

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేను చాలా ప్రోగ్రాములు రాశాను. జనం నిజంగా వాడింది ఒక్కటే. దాని పేరు తోడు. బావిలోంచి నీళ్ళు తోడినట్టు దూరాన ఉన్న కంప్యూటర్లోంచి ఫైళ్ళు తోడి తెచ్చేది కాబట్టి ఆ పేరు పెట్టాను. మనిషికి తోడు అనే అర్థం కూడా ఎంత బాగా కుదిరిందో అని తర్వాత ఎవరో మెచ్చుకున్నారు. నాకు అలాంటి ఉద్దేశమేమీ లేదు. మెచ్చుకుంటుంటే కాదనడమెందుకని ఊరుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను అడిగేది ఏ భాష నేర్చుకోవాలి, ఏ కోర్సు చేయాలి అని. వాటికి జవాబు చెప్పేవాళ్ళు వీధికొకరున్నారు. నేను ఒక చీర గురించి చెబుతాను.

మేం చేసిన పని

మా ఆఫీసు హిందూపురంలో, ఒక మేడ మీద మూడు గదులు. పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్ మీద గీసి ఇవ్వడం వ్యాపారం. యజమాని సోమశేఖరప్ప. నేను రోజూ పెనుకొండ నుంచి పాసింజర్లో వచ్చిపోయేదాన్ని. కంప్యూటర్ ఉద్యోగమంటే ఆడపిల్ల టైపు కొట్టడమనే అప్పటికి అందరూ అనుకునేది. మా నాయన కూడా అలాగే అనుకున్నాడు. చాలా ఏళ్ళు ఆయనను సరిదిద్దలేదు. చెప్పినా, "టైపే కదమ్మా, కొంచెం కష్టమైన టైపు" అనేవాడు.

డిజైన్ అంటే మీరు అనుకునే బొమ్మ కాదు. గళ్ళ కాగితం. ఒక్కో గడికి ఒక్కో పడుగు పోగు, ఆ పోగు ఎత్తాలా వదలాలా అన్నదే అందులో ఉండే విషయం. ఆ గళ్ళను చూసి అట్టలకు చిల్లులు కొడతారు. అట్టలన్నీ దారంతో కుట్టి, మగ్గం మీద పోగులు ఎత్తే జకార్డు యంత్రానికి వేలాడదీస్తే, చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలు కొట్టే సెంటర్లు మాకు ధర్మవరంలో ఒకటి, పెనుకొండలో ఒకటి ఉండేవి. మేం గీసిన ఫైళ్ళను బెంగళూరులో అద్దెకు తీసుకున్న సర్వర్లో పెట్టేవాళ్ళం. సెంటర్లవాళ్ళు ఫోన్ లైన్ మీద మోడెమ్ కలిపి, నల్లటి తెర మీద తోడు అని, పక్కన ఫైలు పేరు టైపు చేసి ఎంటర్ కొట్టేవాళ్ళు.

మౌస్‌తో నొక్కితే పనైపోయే ప్రోగ్రాములుండగా ఇదంతా ఎందుకని నాతో వాదించినవాళ్ళున్నారు. వాళ్ళెవరూ ధర్మవరం లైన్ మీద ఫైలు దించినవాళ్ళు కాదు. వాన పడితే లైన్ తెగేది. ఇంట్లో ఎవరైనా ఇంకో ఫోన్ ఎత్తి "హలో" అన్నా తెగేది. తెగితే ఆ మౌస్ ప్రోగ్రాములు మళ్ళీ మొదటికొచ్చేవి. తోడు మాత్రం, ఇక్కడ ఎన్ని బైట్లు చేరాయో చూసుకుని, "దాని తర్వాతది ఇవ్వు" అని సర్వర్‌ను అడిగేది. దానికి ఉన్న తెలివి అంతే. అదే చాలినంత తెలివి అని నా నమ్మకం.

మాబున్ని చదువు

చిక్కు ఎక్కడంటే, ఒక పెద్ద కొంగు డిజైను దిగడానికి ముప్పావు గంట పట్టేది. అందులో నాలుగుసార్లు తెగేది. సోమశేఖరప్ప సార్ నన్ను పిలిచి, "ఏమ్మా, చీర నేసేదానికంటే ఫైలు దించేదే ఎక్కువసేపు పడతాంది అంటాండారు. పోయి చూసిరా" అన్నాడు. పని చేసేచోటికి పోయి చూడమన్న యజమాని ఆయనొక్కడే నాకు దొరికాడు. తర్వాత వచ్చినవాళ్ళంతా రిపోర్టు రాయమన్నవాళ్ళే.

ధర్మవరం సెంటర్ అంటే ఒక రేకుల షెడ్డు. అట్టలు కొట్టేది ఖాదర్ వలీ. యాభై దాటిన మనిషి, వేళ్ళు మొద్దుబారి ఉండేవి. ఆయన భార్య మాబున్ని కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీది గళ్ళను వరసగా పైకి చదివేది. ఆయన తల ఎత్తకుండా, విన్నది విన్నట్టు మిషన్ మీటలు నొక్కేవాడు.

"ఎనిమిది ఎత్తు. నాలుగు ఇడుసు. ఎనిమిది ఎత్తు. నాలుగు ఇడుసు. ఇదే ఇంగా ఇరవై తూర్లు. ఆ, కింద వరస. పై వరస మాదిరే."

నేను నిలబడిపోయాను. ఫైళ్ళ సైజు తగ్గించే కుదింపు గురించి పుస్తకాల్లో చదివి ఉన్నాను. ఎనిమిది గళ్ళను ఎనిమిదిసార్లు చెప్పకుండా "ఎనిమిది" అని ఒక్క మాటలో చెప్పడం, వచ్చిందే మళ్ళీ వస్తే "పై మాదిరే" అని తేల్చేయడం, అంతే కదా కుదింపంటే. అక్షరం ముక్క రాని మాబున్ని, రోజుకు పది గంటలు నోటితో చేస్తున్నది అదే. మా సర్వర్ మాత్రం ఆ గళ్ళన్నిటినీ ఒక్కొక్కటిగా, ఏ ఆలోచనా లేకుండా, లైన్ మీదికి వదులుతోంది.

"ఎవరు నేర్పించినారు నీకు ఈ చదువు?" అన్నాను.

"నేర్పేదేముంది మేడమ్మా? ప్రతిదీ చెప్తా కూసుంటే నోరు పడిపోదా?"

టీ తాగడానికి ఆగారు. ఖాదర్ వలీ సుద్దముక్క తీసి చేతిలో ఉన్న అట్ట మీద గీత గీశాడు. ఎందుకని అడిగాను. నిజం చెప్పాలంటే మర్యాదకు అడిగాను.

"యాడ నిల్పినామో గుర్తుకు మేడం. మగ్గం కాడైనా అంతే. కొత్తోళ్ళు గుడ్డను చూసి జానెడు నేసినాం, మూరెడు నేసినాం అంటారు. అట్ల లెక్కేస్తే తప్పుతాది. పని అట్టల్లో కదా ఉండేది. నిలిచినప్పుడు అట్ట లెక్క పెట్టుకోవల్ల, గుడ్డ లెక్క కాదు."

తల ఊపాను. టీ బాగుందన్నాను. పాసింజర్ ఎక్కి వచ్చేశాను. మాబున్ని మాటలు దారంతా చెవిలో ఉన్నాయి. ఖాదర్ వలీ మాటలు స్టేషన్ దాటేలోపే పోయాయి. మంచి సలహా ఎప్పుడూ వాడుక మాటలాగే వినిపిస్తుంది. నాకు ఆ సంగతి తెలియడానికి ఒక చీర పాడు కావలసి వచ్చింది.

మూట

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. తోడు ఫైలు అడిగేటప్పుడే "మూట కట్టి ఇచ్చినా ఫరవాలేదు, నాకు విప్పడం వచ్చు" అని సర్వర్‌కు ఒక మాట చెప్పాలి. సర్వర్ కుదించి పంపుతుంది. తోడు విప్పుతూ ఫైలులోకి రాస్తుంది. విప్పే కోడ్ అప్పటికే ఉచితంగా దొరికేది. నేను రాసినదల్లా రెంటినీ అతికించే వంద లైన్లు. రెండు వారాల్లో అయిపోయింది.

మొదట్లో ఒక తెలివితక్కువ పని జరిగింది. ముందే మూట కట్టి పెట్టిన ఫైళ్ళను కూడా తోడు విప్పేసి, పేరు మాత్రం మూట పేరే ఉంచేది. పెనుకొండ సెంటర్లో వాళ్ళు విప్పిన మూటను మళ్ళీ విప్పబోయి, రాక, నన్ను తిట్టుకున్నారు. ఒక రోజులో సరిచేశాను. ఇలాంటి తప్పులు మంచివి. వెంటనే అరుస్తాయి. అరవని తప్పులే మనిషిని ముంచేది.

ఆ తర్వాత ముప్పావు గంట డిజైను టీ తాగేలోపు దిగడం మొదలైంది. సార్ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నేను చెప్పుకోలేదు కానీ, ఎవరైనా చెబుతుంటే అక్కడి నుంచి కదిలేదాన్ని కాదు.

నిద్రపోయిన హంసలు

కొన్ని నెలలకు ఒక హంసల కొంగు గీశాం. కాళ్ళ నుంచి మొదలై, కడుపు, రెక్కలు, చివర్లో మెడా తలా. ధర్మవరంలో చౌడప్ప అనే నేతగాడి మగ్గానికి ఆ డిజైను. ఫైలు సర్వర్లో పెట్టిన మర్నాడు మధ్యాహ్నం, ఆఫీసులో అందరూ భోజనాలకు పోయిన వేళ, ఫోన్ మోగింది.

"మేడం, ఖాదర్ వలీని. హంసల కొంగు కొడతాండాం. కాళ్ళొచ్చినాయి, కడుపొచ్చింది. మెడ రాలేదు. ఆ పైనంతా సాదాగా ఉండాది."

"తెర మీద ఏం పడింది? అంతా వచ్చేసింది అని పడిందా లేదా?"

"పడింది. మద్దెలో ఒకతూరి లైన్ తెగె. మళ్ళా కొడితే టక్కన అంతా వచ్చేసింది అనె."

"మరింకేమప్పా? అది అబద్ధం చెప్పదు."

"తల ల్యాకుండా హంస యాడన్నా ఉంటాదా మేడం?"

నా అన్నం క్యారియర్ తెరిచి ఉంది. "నిద్రపోతాందేమోలే, తల రెక్కల్లో పెట్టుకుని. నువ్వు దాన్ని లేపొద్దు. ఉన్నది ఉన్నట్టు కొట్టు" అన్నాను. ఫోన్ పెట్టేసి, నా మాటకు నేనే నవ్వుకున్నాను.

చౌడప్ప మగ్గం మీద కొంగును అన్నిటికంటే చివర్లో నేసేవాళ్ళు. చీరంతా అయ్యాక హంసలు వచ్చాయి. కాళ్ళతో, కడుపులతో, రెక్కలతో, వరసగా పదకొండు హంసలు. ఒక్కదానికీ తల లేదు. పట్టు మీద జరీతో నేసినదాన్ని విప్పి మళ్ళీ నేయడం ఉండదు.

చీర మా ఆఫీసు టేబుల్ మీదికి వచ్చింది. సార్ కొంగు పరిచి, చాలాసేపు చూసి, "ఖాదర్ ఫోన్ చేసి అడిగినానంటాండాడు. చేసినాడా?" అన్నాడు.

"రోజుకు పది ఫోన్లు వస్తాయి సార్. గుర్తులేదు" అన్నాను.

గుర్తుంది. ప్రతి మాటా గుర్తుంది. ఇంతకాలం తర్వాత రాస్తున్నాను కాబట్టి దాచడం దండగ. కోడ్‌లో చేసిన తప్పుకు నేను ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఈ రెండు ముక్కలకు పడ్డాను, ఆలస్యంగా.

నేను అలా అన్నాక సార్‌కు మిగిలింది ఒకటే దారి. ఖాదర్ వలీకి వయసు మళ్ళింది, చూపు తగ్గింది, వరసలు వదిలేసి సాదాగా కొట్టుకుపోయాడు అని తేల్చారు. ధర్మవరం పని కూడా పెనుకొండ సెంటర్‌కే ఇచ్చేద్దామన్నారు. నేను కాదనలేదు. ఇంటికి దగ్గర, నాకూ అనుకూలం అన్నాను కూడా.

ఆ మాట ఎవరిది

ఆ మాట ధర్మవరమంతా పాకింది. నాలుగో రోజు పొద్దున పాసింజర్‌కు ఖాదర్ వలీ దిగాడు. తుండుగుడ్డలో చివరి అట్టల కట్ట తెచ్చాడు. సార్ టేబుల్ మీద వరసగా పరిచాడు. ప్రతి అట్ట మీదా నంబరు ఉంది, ఒక్కటీ తప్పలేదు.

"నేను వరసలు ఇడిసింటే ఈ అట్టలే ఉండవు సార్. సాదా కొట్టమంటే సాదా కొట్టినా."

"కొట్టమన్నది ఎవరు?" అన్నాను.

"మీరే మేడం."

"నేనా? ఏమన్నాను చెప్పు."

ఆయన నా వైపు కాక అట్టల వైపు చూశాడు. "వద్దులే మేడం" అన్నాడు.

"వద్దెందుకు? అన్నానంటున్నావు కదా. చెప్పు." వాదనలో ఎదుటివాణ్ణి తరమడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. తరిమిన దారిలో నేనే పోయి పడడం ఇదొక్కసారే.

"హంస నిద్రపోతాందేమోలే, నువ్వు దాన్ని లేపొద్దు, అంటిరి."

సార్ నన్ను చూశాడు. నేను కిటికీ చూశాను. సార్ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు.

"ఏమ్మా! ఇంత వంకర మాట ఖాదర్‌కు యాడ దొరుకుతాది? ముప్పై ఏండ్లుగా ఎత్తు, ఇడుసు తప్ప మూడో మాట అనినోడు కాదు. ఇది నీ సరుకు."

అబద్ధం చెప్పదలుచుకున్నవాళ్ళకు నాలుక మొద్దుగా ఉండాలి. నాది అలాంటిది కాదని ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా నేను ఊరుకోలేదు.

"సరే, అన్నాను. కానీ ఫైలు మొత్తం వచ్చింది సార్. వచ్చిందనే తోడు చెప్పింది. అందులో లేని తల—"

"స్వల్ప తాళమ్మా," అన్నాడు సార్. కొంచెం ఆగమని. విసుగు పుడితే ఆయన కన్నడంలోకి జారేవాడు. "ఖాదర్, నువ్వు ఏందో అడగాలనుకుంటాండావు. అడుగు."

"ఏమీ లేదు సార్. మేడంవాళ్ళ మిషన్ మద్దెలో నిలిచినప్పుడు ఏ లెక్క పెట్టుకుంటాది? అట్ట లెక్కనా, గుడ్డ లెక్కనా?"

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. తెలుసుకుందామనే అడిగాడు. నేను కంప్యూటర్ ముందుకు పోయి తోడు కోడ్ తెరిచాను.

తప్పు

లెక్క మీకూ చెబుతాను. ఇలాంటిది మీరూ ఒకసారి చేస్తారు.

ఫైలు నలభై లక్షల బైట్లు అనుకోండి. మూట కడితే నాలుగు లక్షలు. లైన్ తెగేసరికి మూటలో మూడు లక్షలు చేరాయి. తోడు వాటిని వచ్చినవి వచ్చినట్టే విప్పి రాసింది కాబట్టి ఇక్కడ ఫైలు ముప్పై లక్షలు ఉంది. రెండోసారి తోడు ఏం చేసింది? పాత అలవాటు ప్రకారం ఇక్కడున్నది కొలిచి, "ముప్పై లక్షల తర్వాతది ఇవ్వు" అంది. సర్వర్ దగ్గరున్న మూటే నాలుగు లక్షలు. "అంత దూరంలో నా దగ్గర ఏమీ లేదు" అంది సర్వర్. ఏమీ లేదంటే అంతా వచ్చినట్టే అని ఎప్పుడో నేనే ఒక నియమం రాసి పెట్టాను. మూట కట్టని రోజుల్లో అది నిజం కూడా. తోడు అట్టలు లెక్కపెట్టాల్సినచోట గుడ్డను కొలిచి, పని అయిపోయిందని చెప్పేసింది.

మిగతా పాపం మా డిజైను ప్రోగ్రాముది. తక్కువపడిన వరసలను సాదాగా నింపి చూపేది, చూసేవాళ్ళు కంగారుపడకూడదని. ఆ మంచితనం కూడా నేను రాసిందే.

తెగిన లైన్ పరీక్షించాను. మూట విప్పడం పరీక్షించాను. రెండూ విడివిడిగా బాగున్నాయి. తెగిన మూటను పరీక్షించలేదు. ఆఫీసులో లైన్ తెగదు కదా.

ఆ రోజు వాళ్ళిద్దరి ముందే ఫైలు దించుతూ మధ్యలో ఫోన్ వైరు పీకాను. మళ్ళీ పెట్టి, మళ్ళీ కొట్టాను. టక్కున, అంతా వచ్చేసింది అని పడింది. ఖాదర్ వలీ వంగి చూశాడు.

"ఇదే మేడం పడింది" అన్నాడు.

ఎక్కడ చెప్పాలో అక్కడ

తప్పు నాదేనన్నాను. పని మీ దగ్గరే ఉంటుందని సార్ అన్నాడు. అక్కడితో అయిపోయిందనుకుని నేను లేచాను. ఖాదర్ వలీ లేవలేదు.

"ఈడ చెప్తే ఈడోళ్ళకు తెలుస్తాది మేడం. నా పేరు పోయింది ఆడ. చూపు తప్పింది ఖాదర్‌కు అని మగ్గం మగ్గానికీ చెప్పుకున్యారు. చౌడప్ప మగ్గం కాడికొచ్చి చెప్పండి."

నాకు ఒళ్ళు మండింది. పదిమందిలో తప్పు ఒప్పుకోమనడానికి వీడెవడు అనుకున్నాను. పదిమందిలో ఆయన చూపు పోయిందనడానికి నేనెవరు అన్న ప్రశ్న రైల్లో ధర్మవరం పోతున్నప్పుడు తట్టింది. ఆలస్యమైంది కానీ తట్టింది.

చౌడప్ప గుంత మగ్గంలో కూర్చునే ఉన్నాడు, పైకి రాలేదు. నలుగురైదుగురు నేతగాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. మాబున్ని కూడా వచ్చింది.

"తప్పు ఖాదర్ వలీది కాదు. చూపు తప్పలేదు, లెక్క తప్పలేదు. మిషన్‌కు రాసింది నేను, తప్పు రాసింది నేను. ఈయన ఫోన్ చేసి తల ఏదని అడిగాడు. ఎగతాళి చేశాను. తర్వాత గుర్తులేదని అబద్ధం చెప్పాను."

చౌడప్ప పోగు విసిరే నాడె పక్కన పెట్టాడు. "ఇంతేనా మేడం? ఇంత మాటకు రైలెక్కి వస్తిరా? ఫోన్లో చెప్పింటే సరిపోతుండె కదా."

"ఫోన్లో ఐతే మేడమ్మ మళ్ళా నిద్రపోతాంది అంటాది!" అంది మాబున్ని.

గుమ్మంలోవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వవలసి వచ్చింది. ఖాదర్ వలీ నవ్వలేదు. అందరినీ ఒకసారి చూసి, విన్నారు కదా అన్నట్టు తల ఊపి, షెడ్డు వైపు నడిచాడు. వెనకాలే పోయాను, ఇంకా ఏమైనా అంటాడేమోనని. ఆయన మిషన్ ముందు కూర్చుని సుద్దగీత ఉన్న అట్ట వెతికాడు.

"యాడ నిల్పితిమి?"

"నూటా పన్నెండో అట్ట" అంది మాబున్ని. "ఆరు ఎత్తు. రెండు ఇడుసు."

నేను ఉన్నానన్న సంగతి వాళ్ళు మరిచిపోయారు. క్షమించడమంటే అదే కావచ్చు. పని ఉండి కూడా కావచ్చు.

తర్వాత

తోడును మార్చాను. వచ్చిన మూటను వచ్చినట్టే విడిగా దాచేది. తెగితే మూటనే కొలిచి మిగతాది అడిగేది. అంతా చేరాకే విప్పేది. అలాంటి మూట చివర్లో ఎనిమిది బైట్లుంటాయి: లోపల ఎంత ఉండాలో, విప్పింది సరిపోయిందో లేదో చెప్పేవి. మొదటి రోజు నుంచీ అవి వస్తూనే ఉన్నాయి, నేను చదవకుండా పారేస్తూ వచ్చాను. అవి చదవడం మొదలుపెట్టాను. "అంతా వచ్చేసింది" అన్న మాట తీసేసి, "మూట చేరింది, విప్పి చూశాను, సరిపోయింది" అని పెట్టాను. మూటను కొలిచే నియమం పక్కన కోడ్‌లో, అట్ట లెక్క పెట్టుకోవల్ల, గుడ్డ లెక్క కాదు అన్న ఖాదర్ వలీ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. తర్వాత వచ్చిన ఇంజనీర్లు అదేదో సూత్రమనుకుని జాగ్రత్తగా ఉంచారు.

చౌడప్పకు నేత కూలి ఆపలేదు. చీరను మాత్రం సార్ మడతపెట్టి నా టేబుల్ మీద పెట్టాడు. "ఇది నీది" అన్నాడు. అది బహుమానమో శిక్షో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఏటా కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు నేను ఆ చీర కట్టుకుని పాఠం చెప్పేదాన్ని. కొంగు బాగా కనబడేటట్టు ముందుకు వేసుకునేదాన్ని. చాలామంది చూసి ఊరుకునేవాళ్ళు. పెద్దావిడ, నోరు మంచిది కాదు, మనకెందుకు అనుకునేవాళ్ళు. ఏటా ఎవరో ఒకరు, ఎక్కువగా వెనక బెంచీలోంచి, ఉండబట్టలేక అడిగేవాళ్ళు.

"మేడం, ఆ హంసలకు తలలు యాడ?"

ఆ ప్రశ్న నన్ను మొదట అడిగినాయనకు నేనేం జవాబిచ్చానో చెప్పి పాఠం మొదలుపెట్టేదాన్ని.